ఇప్పనూనె తాగిన బండి

పదకొండో భాగం

కిందటి వారం బండిని చింతవాగు రేవులో, ముక్కు ఇసుకలో దించి వదిలేశాం. చదివినవాళ్లకు జ్ఞాపకమే ఉంటుంది. చదవనివాళ్లు ఇంత తెలుసుకుంటే చాలు. బస్తరు సంస్థానానికి దక్షిణపు కొసన ఏలెమడుగు జమీ, దానికి దొర రాజభూపతి. ఆయనగారి ఎనిమిది సిలిండర్ల అమెరికా కారు చిక్కుడు పండుగనాడు పొద్దున్నే తంగెడుమెట్ట దిగుతూ, ఆగవలసిన చోట ఆగలేదు. బ్రేకు పెడలు రాయిలా నిలబడిపోయింది. డ్రైవరు వెంకటనారాయణ చేతి బ్రేకు లాగితే దాని తీగ పుటుక్కున తెగింది. దారిలో దుమ్ము లేవకుండా నీళ్లు చల్లుతున్న బిజ్జా అనే వెట్టివాడి తొడ మీదుగా వెళ్లి బండి రేవులో కూలబడింది. వెనక సీట్లో ఉన్న దొరకు నుదురు కాస్త గీసుకుంది.

బిజ్జా బతికాడా అని మీరు అడుగుతారు. దొర అడగలేదు. ఆయన దిగి మొదట చూసింది ముందు దీపాన్ని. ఎడమవైపు దీపం అద్దం పగిలింది. "ఈ అద్దం మళ్ల రావాలంటే యుద్ధం అయిపోవాలె" అన్నాడు. ఆ గొంతులో దుఃఖం మాత్రం కల్తీ లేనిది. బిజ్జాను ప్రాణంతోనే తడిక మీద గూడేనికి మోసుకుపోయారు. బండిని ఎనిమిది జతల ఎడ్లు, నలభైమంది మనుషులు కలిసి ఈడ్చుకొచ్చి గడీ వెనక కొట్టంలో నిలబెట్టారు.

మర్నాడు తెల్లారింది. పుష్యమాసపు చలి. అడవిలో ఆకు కదలడం లేదు. వెంకటనారాయణ బండి కిందికి దూరి వెనక చక్రానికి వెళ్లే సన్నటి రాగిగొట్టాన్ని విప్పాడు. నూనె కారాలి. కారలేదు. గొట్టంలో పుల్ల పెట్టి తోస్తే తెల్లగా, మెత్తగా, వెన్న ముద్దలాంటిది ముక్కలు ముక్కలుగా బయటికి వచ్చింది. వేలి మీద రాసుకుని వాసన చూశాడు.

ఇప్పనూనె.

ఆ ప్రాంతంలో పాలు తాగే పసిదానికి కూడా తెలిసిన సంగతే ఇది. ఇప్పగింజల నూనె ఎండాకాలంలో నూనె, చలికాలంలో వెన్న. పొద్దున్నే దీపం పెట్టాలన్నా, కూర పోపు వెయ్యాలన్నా కుండను పొయ్యి పక్కన పెట్టి కరగనివ్వాలి. ఈ బండి బ్రేకులేమో తీగలతో పనిచేసే పాతకాలపు బ్రేకులు కావు. కాలు నొక్కితే గొట్టాల్లో నూనె కదిలి, ఆ కదలికే నాలుగు చక్రాలకూ ఒక్కసారిగా కబురు అందిస్తుంది. ఇంజను దగ్గరి వేడికి కరిగిన నూనె చక్రాల దగ్గర గడ్డకట్టుకుని కూర్చుంది. ఇక కబురెక్కడ అందుతుంది? అందలేదు. బిజ్జా తొడ విరిగింది.

కొట్టం గుమ్మంలో ఆయతు గొంతుకూర్చున్నాడు. యాభై ఏళ్ల దోర్ల కోయ మనిషి, పిక్కలు మాత్రం పాతికేళ్లవాడివి. అతను పారిపోలేదు. పారిపోవలసిన పని తాను చేశానని అతనికి తెలియదు.

"ఆయతూ, ఇందులో నూనె ఎవరు పోశారు?"

"నేనే పోసిన డైవరయ్యా. పండుగ గదా. కొత్త చిక్కుళ్లు మనం నోట్లె పెట్టుకునే ముందుగాల కొడవలికి పెట్టాలె, నాగలికి పెట్టాలె, ఎడ్లకు పెట్టాలె. దీనికి పెట్టకపోతే ఎట్ల? ఒక దొప్పెడు పోసిన."

"నూనె పొయ్యమని నీకెవరు చెప్పారయ్యా?"

"ఎవరు చెప్పాలె? ఇది మనం తాగే సారానే తాగుతది, మనం రాసుకునే ఆముదమే తాగుతది. మన మడిసే గదా. మన మడిసికి పండుగనాడు వాటా పెట్టొద్దా?"

వెంకటనారాయణ చప్పున లేచి గుమ్మం బయటికి చూశాడు. సిపాయి సుక్రాం దూరంగా చలి కాచుకుంటున్నాడు. వినలేదు.

ఎందుకంత ఉలికిపాటు అంటే, దాని వెనక రెండేళ్ల దొంగతనం ఉంది. బండితోపాటు ఇంగ్లీషు టిన్నుల్లో వచ్చిన బ్రేకు ఆయిలు యుద్ధం మూడో ఏటికే అయిపోయింది. మద్రాసుకు రాస్తే మద్రాసులో లేదు, కలకత్తాలో లేదు. వెంకటనారాయణ రాజమండ్రి మనిషి, మద్రాసు కార్ఖానాలో పదేళ్లు చేతులు నల్లబరచుకున్నవాడు. ఆ టిన్నులో ఉండేది సగం ఆముదమూ సగం స్పిరిటూ అని ముక్కుతోనే పసిగట్టాడు. ఆయతు చేత ఆముదం తెప్పించాడు, గూడెంలో కాచే ఇప్పసారాలో మొదటి ధార, అంటే నిప్పు చూపిస్తే మండేది, తెప్పించాడు. కలిపాడు, వడగట్టాడు, పాత ఇంగ్లీషు టిన్నుల్లోనే నింపి మూత బిగించాడు. బండి ఆగింది. చలిలోనూ ఆగింది. ఆముదం గడ్డకట్టదు మరి.

నిజం చెప్పి మెప్పు పొందక ఈ దొంగపని ఎందుకంటారా? ఇంతకుముందు పనిచేసిన డ్రైవరు ఫ్యాను బెల్టు తెగితే ఎద్దుతోలు కోసి కట్టాడు. బండి చక్కగా నడిచింది. దొర ఆ తోలు చూశాడు. తన బండిలో గొడ్డుతోలు. డ్రైవరు చేతిని కారు తలుపు సందులో పెట్టించి, తలుపు తానే వేశాడు. ఆ తలుపుల గొప్పతనమే అది, ఎంత గట్టిగా వేసినా మెత్తగా పడతాయి, చప్పుడు రాదు. ఆ చప్పుడు కాని తలుపు వెంకటనారాయణకు కలలో కూడా పడుతూ ఉంటుంది.

దొరకు ఆ బండి అంటే అంత పిచ్చి. ఆ వంశానికే ఉంది ఆ పిచ్చి. ఆయన తండ్రి తెప్పించిన మొదటి మోటారు ముక్కలు ముక్కలుగా వచ్చింది. రోడ్డు లేదు గనక వందమంది వెట్టివాళ్లు భుజాల మీద ఘాట్లు దాటించారు. దానికి సైకిలుకున్నట్టు గొలుసు, కార్బైడు దీపాలు, రెండు సిలిండర్లు. నడిచినదాని కన్నా ఎడ్లు లాగిందే ఎక్కువ. రెండోది గుడ్డ కప్పు ఉన్న ఆరు సిలిండర్ల బండి. పరుగు వచ్చింది గానీ బ్రేకులు వెనక చక్రాలకే ఉండేవి, మెట్టల మీద నిలిచేది కాదు. అందుకని ఒక మనిషి మద్దిమొద్దు ఒకటి భుజాన వేసుకుని బండి వెనకే పరుగెత్తాలి. డ్రైవరు చెయ్యి ఊపగానే మొద్దును చక్రం కింద పెట్టాలి. పన్నెండేళ్లు ఆ పరుగు పరుగెత్తినవాడు ఆయతు. ఎడమ చేతికి ఇప్పుడు మూడే వేళ్లు.

మూడోది ఇదిగో ఈ బండి. ఉక్కు కప్పు, ఎనిమిది సిలిండర్లు ఒకే వరసలో, గరగరమనకుండా పడే గేర్లు, డ్రైవరుకూ దొరకూ మధ్య అద్దం, మాట్లాడుకోవడానికి రబ్బరు గొట్టం. లోపల కూర్చుంటే కడుపులో చల్ల కదలదు. కిటికీలు ఎత్తేస్తే బయట పిడుగు పడ్డా వినపడదు, లోపలి మాట బయటికి రాదు. ఇంజను తిరుగుతోందా లేదా అన్నది పక్కన నిలబడ్డవాడికి కూడా అనుమానమే. ఆ నిశ్శబ్దాన్ని చుట్టాలకు చూపించడానికి దొర ఒక ఆట కనిపెట్టాడు. మెట్ట దిగువన సున్నం కొట్టిన రాయి దగ్గర వెట్టివాళ్లను వీపు తిప్పి నిలబెడతారు. దొర తానే నడుపుతూ, పైనుంచి గేరు తప్పించి బండిని వదులుతాడు. బంపరు పిక్కకు తగిలేదాకా కదలనివాడికి సిగరెట్టు. ముందే తిరిగి చూసినవాడికి కొరడా. చుట్టాలు చప్పట్లు కొట్టేవారు. టిన్నులు అయిపోయిన ఏడు నుంచి పెట్రోలు కరువు వల్ల ఆ ఆట మానేశాడు. వెంకటనారాయణ ఊపిరి పీల్చుకున్నాడు, ఎందుకో మీకు ముందు ముందు తెలుస్తుంది.

దొర కొట్టంలోకి వచ్చాడు. నుదుటి మీద ప్లాస్టరు, భుజాల మీద కాశ్మీరు శాలువా. విప్పి పెట్టిన గొట్టాన్ని కర్రతో తట్టాడు.

"ఏందిది?"

వెంకటనారాయణ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా ఉంది. గొట్టం పగిలిందని అబద్ధం చెబుదామంటే తెల్లముద్ద కళ్లెదురుగా ఉంది. ఆయతు పేరు చెబితే ఆయతు సారా సంగతి చెబుతాడు. చెప్పకపోతే నేరం తనదవుతుంది. మనిషి మంచివాడేనని ఈ పది భాగాలూ మీతో చెబుతూ వచ్చాను, కాదనను. కానీ మంచివాడు కూడా తన చెయ్యి తలుపు సందులో పడుతుందనుకున్నప్పుడు పక్కవాడి చెయ్యి వెతుక్కుంటాడు.

"ఇప్పనూనె అండి. గడ్డకట్టేసింది" అన్నాడు. ఒక క్షణం ఆగి, "ఆయతు పోశాడండి. నాకు తెలియకుండా" అన్నాడు.

ఆయతు అతని వైపు చూశాడు. కోపంగా కూడా కాదు. చిన్నపిల్లవాడు తప్పు మాట్లాడితే పెద్దవాళ్లు చూసినట్టు చూశాడు.

"నువ్వేనారా?" అన్నాడు దొర.

"నేనే దొర."

"ఎందుకు?"

"పండుగకు పెట్టిన దొర."

ఆయతు అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. సారా మాట లేదు, ఆముదం మాట లేదు, టిన్నుల మాట లేదు. వెంకటనారాయణ ఆ మాట కోసమే ఎదురుచూస్తూ నిలబడ్డాడు. అది రాలేదు. రానందుకు ముందు ప్రాణం లేచివచ్చింది. తర్వాత సిగ్గేసింది. సిగ్గు కన్నా ప్రాణమే ముందు లేచి వచ్చిందని గుర్తుపట్టి ఇంకా సిగ్గేసింది.

దొర నవ్వాడు. "పన్నెండేండ్లు నా బండి ఎనక ఉరికినవు. ఇయ్యాల ముందల నిలబడు. డ్రైవరూ, పొద్దు నడినెత్తికి వచ్చేలోపల బ్రేకులు సాపు చేసి కొత్త టిన్ను పొయ్యి. మెట్ట మీదికెల్లి నువ్వే దింపుతవు. సున్నం రాయి కాడ వీన్ని నిలబెడత. బండి ఆగితే వీని తప్పు మాఫీ. ఆగకపోతే" అని శాలువా సర్దుకున్నాడు, "పండుగకు బలి పెట్టింది ఎవర్నో వీనికే ఎరుకైతది."

సుక్రాం ఆయతు కాలికి గొలుసు వేశాడు. గొలుసు రెండో కొసను దేనికి కట్టాలని అడిగితే దొర మూల చూపించాడు. అక్కడ పాత మద్దిమొద్దు పడి ఉంది. పన్నెండేళ్లు మోసిన మొద్దుకే ఆయతును కట్టేశారు.

బ్రేకు గొట్టాలు కడగడం ఒకడి పనే గానీ, కొత్త నూనె పోశాక గాలి తియ్యడం ఇద్దరి పని. ఒకరు లోపల కూర్చుని పెడలు తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర మర వదులు చేసి, బుడగలు పోయాక బిగించాలి. ఇన్నాళ్లూ తొక్కింది ఆయతు కాలే. సుక్రాంను పిలిస్తే, "మైఁ సిపాహీ హూఁ, బేగారీ నహీఁ" అని, తాను సిపాయే గాని వెట్టివాడు కాదని, ముఖం తిప్పుకున్నాడు. అప్పుడే ఆయతు కూతురు దేవే అయ్యకు జావ పట్టుకుని వచ్చింది. పద్దెనిమిదేళ్ల పిల్ల. అయ్య కాలి గొలుసు చూసింది, మొద్దు చూసింది. ఏడవలేదు. జావ తాగించి, ముంత బోర్లించి, వెంకటనారాయణ దగ్గరికి వచ్చి నిలబడింది.

"నేను తొక్కుత."

ఎక్కే ముందు పాదాలను తన కొంగుతోనే తుడుచుకుంది. బండి లోపలి తోలు మీద దుమ్ము పడకూడదని తలుపులు మూసే ఉంచాలన్నది దొర హుకుం. మూస్తే మాట వినపడదు. అందుకని వెంకటనారాయణ సైగలు చెప్పాడు. ఒక వేలు చూపిస్తే తొక్కు. పిడికిలి చూపిస్తే వదులు. రెండు వేళ్లు చూపిస్తే వెంటనే ఇంకోసారి తొక్కు.

ఇప్పనూనెకు రబ్బరు వాషర్లు ఉబ్బిపోయి ఉన్నాయి. మార్చడానికి వేరేవి లేవు, తెగిన చేతి బ్రేకుకు వేరే తీగా లేదు. సారాతో నాలుగుసార్లు కడిగి, ఉన్నవాటినే బిగించాడు. ఇంగ్లీషు అక్షరాల టిన్ను తెరిచి తన చేతి కలుపు పోశాడు. ఒక వేలు చూపించాడు. బండి కింద ఠక్ మంది. పెడలు కిందిదాకా పోయి ఇనుపకమ్మికి తగిలిన చప్పుడది. రెండు వేళ్లు చూపించాడు. ఈసారి చప్పుడు లేదు. పెడలు సగంలో నిలిచింది, చక్రాలు బిగుసుకున్నాయి. నాలుగు చక్రాలకూ అంతే. మొదటి తొక్కుకు ఠక్, రెండోదానికి పట్టు.

దేవే దిగి వచ్చింది. "మొదటిపాలి కాలు బావిల పడ్డట్టు పోతంది డైవరయ్యా. రొండోపాలి గట్టిగ ఉంటంది."

"అంతే అమ్మాయ్. మన నూనెకు మొదటిది డొల్లే. రెండేళ్ల బట్టీ నేను రెండుసార్లే తొక్కుతున్నాను. నా కాలికది అలవాటైపోయింది."

"మా అయ్య కాడ ఆగుతదా?"

అతను చేతులు తుడుచుకుంటూ, "నేను నడుపుతుంటే ఆగుతుంది" అన్నాడు. అది నిజమే. ఆ నిజం మీదే ఆ పిల్ల నమ్మకం పెట్టుకుంది.

పొద్దు నడినెత్తికి రాకముందే దొర వచ్చాడు. ఫుట్‌బోర్డు మీద ఖాళీ టిన్ను ఉంది. దాన్ని తీసి అక్షరాలు చదివాడు. మూత దగ్గర ముక్కు పెట్టాడు. మళ్లీ పెట్టాడు.

"ఇట్లాంటి టిన్నులు ఇంకెన్ని ఉన్నయి?"

"ఇదే ఆఖరుదండి."

"యుద్ధం ఐదో ఏడు నడుస్తున్నది. నువ్వు ఆఖరుది ఆఖరుదని ఎన్నిసార్లు చెప్పినవో ఎరుకనా?"

దొర టిన్ను వంచాడు. అడుగున మిగిలిన నాలుగు చుక్కలు రాతి మీద పడ్డాయి. అగ్గిపుల్ల గీసి వాటి మీద వేశాడు. నీలిమంట చిన్నగా లేచి, పొగ వాసనతో ఆరింది. సారా మంచిదో కాదో గూడేల్లో తేల్చే పద్ధతే అది. దొరకు ఇంగ్లీషు విస్కీ ఒక్కటే తెలుసునని వెంకటనారాయణ అనుకోవడం పొరపాటు. తన జమీలో ఏ గూడెం సారా ఏ వాసన వేస్తుందో కూడా ఆయనకు తెలుసు.

"ఎన్నేండ్ల సంది?"

"రెండేళ్లండి."

"రెండేండ్లు. కలెక్టరును ఎక్కించిన, నాగపూరు నుంచి వచ్చిన దొరసానులను ఎక్కించిన. బండికి కోయోని సారా తాపించి వాళ్లను ఎక్కించినవు." గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే భయం తక్కువగా ఉండేది. "ఇంగ్లీషు ఆయిలైతే నువ్వు నడిపేటోనివి. నీ ఆయిలు గనక నువ్వు ముందల నిలబడు. నేను నడుపుత."

"దొరవారూ, ఒక్క మాటండి..."

సుక్రాం కర్ర వీపు మీద పడింది. మాట అక్కడే తెగింది. ఏ మాట చెప్పబోయాడో అతనికే తెలియదు. క్షమించమనే మాటే అయి ఉంటుంది. ఆ వేళ చెప్పవలసిన మాట అది కాదు.

దొర దేవేను చూశాడు. "నువ్వేనా తొక్కింది? ఎక్కు. నా పక్కన కూసో. మీ అయ్యను అద్దంల చూద్దువుగాని. లోపల నోరు తెరిచినవంటే దిగినంక నాలుక ఉండదు. ఈ బండి గొప్పే అది, లోపల చప్పుడుండొద్దు."

తలుపు మెత్తగా పడింది.

సున్నం రాయి దగ్గర ఇద్దరినీ మెట్టకు వీపు తిప్పి నిలబెట్టారు. ఆయతు కుడి చెయ్యీ వెంకటనారాయణ ఎడమ చెయ్యీ కలిపి తాడుతో బిగించారు. ఆయతు కాలికి మొద్దు ఉండనే ఉంది. కదలాలంటే ఆ మొద్దును, ఆ మనిషిని లాక్కుంటూ కదలాలి. సుక్రాం పది గజాలు తప్పుకుని, తిరిగి చూస్తే తాట తీస్తానన్నట్టు కొరడా విప్పి పట్టుకున్నాడు. ఎదురుగా రేవు, నిన్నటి చక్రాల గాడి. గాడి పక్కన బిజ్జా నీళ్ల కావడి ఇంకా పడే ఉంది. దాన్ని ఎవరూ తియ్యలేదు.

"ఆయతూ, నేను నీ పేరు చెప్పాను."

"చెప్పినవు."

"టిన్ను సంగతి నువ్వెందుకు చెప్పలేదు?"

"చెప్తే నిన్ను చంపుతడు. నువ్వు పోతే దానికి బువ్వెవరు పెడతరు? ఊకె ఎండిపోదా?"

వెంకటనారాయణకు ఏడుపు ఆగలేదు. ఏ దొర బండి వెనక పరుగెత్తి ఈ మనిషి మూడు వేళ్ల చేతివాడయ్యాడో, ఆ దొర కొత్త బండి ఎండిపోతుందని అతనికి దిగులు. తాను మాత్రం తన చెయ్యి కాపాడుకోవడానికి అతని ప్రాణం అమ్మేశాడు. సిగ్గంటే ఏమిటో ఆ నలభై ఏళ్ల మనిషికి ఆ ఎండలో మొదటిసారి పూర్తిగా అర్థమైంది.

"ఏడువకు" అన్నాడు ఆయతు. "ఆగుతది. నా బిడ్డ మంచిగ తొక్కింది. సైగలన్నీ నేను చూసిన. ఒకటి, మల్ల రొండు." తర్వాత కనుబొమలు ముడిచాడు. "రొండుపాలు తొక్కాలని దొరకు చెప్పినవా?"

వెంకటనారాయణ చెప్పలేదు. రెండేళ్లుగా ఆ సంగతి అతని కాలికే తెలుసు, నోటికి తెలియదు. దొర ఆఖరుసారి ఈ బండి నడిపింది ఇంగ్లీషు ఆయిలు రోజుల్లో. అప్పుడు ఒక్కసారి నొక్కితే చాలు, బండి పువ్వులా ఆగేది. ఆ ఆట ఆగిపోయినందుకు వెంకటనారాయణ ఊపిరి పీల్చుకున్నది ఇందుకే. ఇవాళ దొర కూడా ఒక్కసారే తొక్కుతాడు. ఆగకపోతే ఇంకా బలంగా అదిమి పట్టుకుంటాడు తప్ప, వదిలి మళ్లీ తొక్కాలని ఆయనకు తోచదు. వదలడం ఆ వంశంలో ఎవరికీ తెలియదు.

"దొరవారూ, రెండుసార్లు తొక్కాలండి" అని గొంతు చించుకుని అరిచాడు, వీపు తిప్పి నిలబడే. సుక్రాం కొరడా మెడ చుట్టుకుంది. అతని కేక మెట్ట ఎక్కింది గానీ, ఎత్తేసిన అద్దాల దగ్గర ఆగిపోయింది.

ఆయతు అరికాళ్లను నేలకు ఆనించి తల కొంచెం వంచాడు. పన్నెండేళ్లు బండి వెనక పరుగెత్తిన పాదాలవి. "బయలెల్లింది" అన్నాడు.

చప్పుడు లేదు. గాలి కూడా లేదు. గేరు తప్పించిన ఆ బండి తన గొప్పతనమంతా చూపిస్తూ, ఎండుటాకు దొర్లినంత మాత్రంగా దిగి వస్తోంది. కంకర నలుగుతున్నట్టు సన్నగా వినిపించింది. దగ్గరైంది. ఇంకా దగ్గరైంది.

ఠక్.

మొదటి తొక్కు. డొల్ల తొక్కు. రెండోదాని కోసం ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. కంకర నలిగే వేగం తగ్గలేదు, పెరిగింది.

వెంకటనారాయణ వెనక్కి తిరిగాడు. కొరడా మళ్లీ ముఖం మీద పడింది, ఒక కన్ను మూసుకుపోయింది. రెండో కంటికి బండి కనిపించింది, అరవై గజాల్లో, పగిలిన దీపంతో. అద్దం వెనక దొర నోరు తెరుచుకుని ఉంది. రెండు చేతులూ చక్రాన్ని పట్టుకుని, ఒళ్లంతా వెనక్కి పడేసి, ఉన్న ఒక్క తొక్కునూ ఊపిరి ఉన్నంత బలంతో అదిమి పట్టుకుని ఉన్నాడు. పక్కన దేవే, నోరు మూసుకుని, కళ్లు విప్పుకుని కూర్చుని ఉంది.

అతను కట్టు లేని కుడి చెయ్యి పైకెత్తాడు. కేక వెయ్యలేదు. పిడికిలి చూపించాడు, వదులు. పిడికిలి విప్పి రెండు వేళ్లు నిలబెట్టాడు.

ఆయతు కూడా తిరిగాడు. కట్టేసిన చేత్తో వెంకటనారాయణను వెనక్కి లాగి, మొద్దును కాలితో తన ముందుకు దొర్లించుకుని, ఎన్నో ఏళ్లుగా అలవాటైన పద్ధతిలో చక్రం వచ్చే దారికి అడ్డంగా వంగాడు.

వెంకటనారాయణ చెయ్యి దించలేదు. ముప్పై గజాలు. అద్దంలో దేవే చూపు అతని వేళ్ల మీద పడింది. ఆమె ఒకసారి తండ్రి వైపు చూసింది. ఒకసారి పక్కనున్న దొర కాలి వైపు చూసింది.

మరుక్షణం ఆమె ఆ కాలి మీదికి వంగింది, అద్దంలో ఆమె తల కనిపించలేదు.